ఇంటి ఛాయాచిత్రములను భద్రపరచుకొను మార్గము

(గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడిన చోట త్రాగునీటిని గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, ఇంటి పన్నును గూర్చియు మాటలాడుట వాడుక. నేడు మేము ఎత్తుకొన్న విషయము వాటి ప్రక్కన చిన్నదిగా తోచవచ్చును. సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలను ఇంటిలో ఎక్కడ, ఏ విధముగా, ఎంత ఖర్చుతో దాచుకొనవలెనన్నదే ఆ విషయము. అయితే ఇది కేవలము వేడుకకు సంబంధించిన ముచ్చట కాదు. ఒక్క ఫొటో ఉన్నందున నిలిచిన హక్కులును, ఒక్క ఫొటో లేనందున చేజారిన హక్కులును పల్లెలలో అనేకము కలవు.

పూర్వము ఊరిలో ఫొటో తీయించుకొనుట అరుదు. పెండ్లికి ఒకటి, బిడ్డ పుట్టినపుడు ఒకటి. ఆ ఒక్కదానికి అద్దము బిగించి గోడకు తగిలించెడివారు. నేడు ప్రతి చేతిలోను కెమేరా కలదు. ఏడాదికి వేల ఫొటోలు తీయుచున్నాము. కాని వాటిలో పదియేండ్ల తరువాత మిగులునవి ఎన్ని? ఫోను నీటిలో పడినను, దొంగిలింపబడినను, తెర పగిలి పనిచేయక పోయినను, అన్నియు ఒక్క దినముననే పోవుచున్నవి. తాతగారి పెండ్లి ఫొటో గోడమీద నున్నది. మనుమని పెండ్లి ఫొటో కనబడుట లేదు. నేటి ఇండ్లలోని విపరీతము ఇదియే.

పంచాయతీకి దీనితో ఏమి పని?

మొదటిది, పంట నష్టము. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలులోనున్న చోట్ల, వడగండ్ల వానవలన గాని నీటి ముంపువలన గాని ఒక పొలములో నష్టము కలిగినచో 72 గంటలలోగా తెలియజేయవలెనను నియమము కలదు. అప్పుడు తీసిన ఫొటో ఆ తరువాత విచారణ ముగియువరకు చెక్కు చెదరక యుండవలెను. రెండవది, ఊరుమ్మడి ఆస్తి. చెరువు శిఖము, శ్మశానము, బండ్ల బాట, బడి ఆటస్థలము ఏటేట ఎట్లున్నవో చూపు ఫొటోలు ఉన్నచో ఆక్రమణ ఎప్పుడు మొదలైనదో తేటతెల్లమగును. మూడవది, పనుల లెక్క. ఉపాధి హామీ పథకము క్రింద జరిగిన పనులను స్థలము గుర్తుతో సహా ఫొటో తీయు పద్ధతి 2016 నుండి విస్తరించినది. పని మొదలుకాక ముందు, సగములో, పూర్తియైన పిమ్మట తీసిన ఫొటోలు సామాజిక తనిఖీలో సభ్యులకు అండగా నిలుచును. నాల్గవది, వరద. 2009 అక్టోబరులో కర్నూలును, 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మము ప్రాంతములను ముంచిన వరదలలో ఇండ్లలోనికి నీరు చొచ్చి కాగితములు, పుస్తకములు, యంత్రములు నానిపోయినవి. అట్టి వేళ ఇల్లు మునుపు ఎట్లుండెనో చూపు ఫొటో వేరొక చోట భద్రముగా నుండుట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

కృష్ణానగరము నేర్పు పాఠము

ఈ విషయములో మనకు పాఠము చెప్పగల చోటు హైదరాబాదు నడిబొడ్డున నున్నది. అమీరుపేట, పంజాగుట్టలకు చేరువలో, యూసఫ్‌గూడను ఆనుకొని కృష్ణానగరమను పేట కలదు. సన్నని వీధులు, అంతస్తుపై అంతస్తుగా లేచిన అద్దె యిండ్లు, టీ దుకాణములు, మెస్సులు. చలనచిత్ర పరిశ్రమలో పనిచేయు సామాన్యులకు అది ఆటపట్టు. జూనియర్ ఆర్టిస్టులు, లైటుమెన్లు, మేకప్‌వారు, దుస్తులవారు, సహాయ దర్శకులు, ఎడిటింగు నేర్చుకొను కుర్రవారు, ఉభయ రాష్ట్రముల జిల్లాల నుండి వచ్చి అక్కడ గదులు తీసికొని బ్రతుకుచుందురు. మీ ఊరినుండి కూడ ఒకరిద్దరు అక్కడ నుండవచ్చును. అమీరుపేటలో సారథీ స్టూడియో 1950ల చివరినాటికే చిత్రములు తీయనారంభించినది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో బంజారాహిల్సులో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. పరిశ్రమ మద్రాసునుండి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన కొలది ఈ పేట పెరిగినది.

ఒకప్పుడు షూటింగు ముగియగానే ఫిలిము చుట్టలను డబ్బాలలో పెట్టి లాబొరేటరీకి పంపెడివారు. నేడు ఫిలిము లేదు. కెమేరాలోని కార్డుమీదనే దృశ్యము నిలుచును. ఒక్క దినపు షూటింగునకు లక్షల రూపాయలు ఖర్చగును. ఆ శ్రమ యంతయు అరచేతిలో ఇమిడెడు కార్డులో నున్నది. కనుక ఆ పరిశ్రమలో ఒక కట్టుబాటు పాటింతురు. కార్డు నిండినంతనే దానిని ఒకటికి రెండు హార్డుడిస్కులలోనికి నకలు చేయుదురు. నకలు సరిగా వచ్చినదో లేదో కంప్యూటరుచే పోల్చి చూతురు. పోలిక సరిపడిన పిమ్మటనే కార్డును చెరిపి మరల కెమేరాలో పెట్టుదురు. రెండు డిస్కులను ఒకే సంచిలో ఉంచరు. ఒకటి ఎడిటింగు గదికి, మరియొకటి వేరొక చోటికి పోవును. ఈ పనికై ప్రత్యేకముగా ఒక మనిషిని నియమించుటయు కలదు.

ఇంత జాగ్రత్త వారికి ఊరకనే రాలేదు. చిత్రపరిశ్రమ పోగొట్టుకొని నేర్చుకొన్నది. 1921లో వెలువడిన మూకీ చిత్రము 'భీష్మ ప్రతిజ్ఞ' నేడు లేదు. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' కూడ నేడు చూడ దొరకదు. మండు స్వభావము గల పాత ఫిలిము కొంత కాలిపోయినది, కొంత వేడికిని తేమకును చెడిపోయినది, కొంతను వెండికొరకు కరగించిరి. పూనాలో జాతీయ ఫిలిము భాండాగారము 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికి చాలినంత నష్టము జరిగిపోయినది. అక్కడ కూడ 2003 జనవరిలో అగ్నిప్రమాదము సంభవించి పాత ఫిలిము చుట్టలు ఎన్నో దగ్ధమైనవి. 2019 డిసెంబరులో హైదరాబాదున అన్నపూర్ణ స్టూడియోలో ఫిలిములను కాపాడు విద్యపై ఒక వారము దినములు శిక్షణ జరిగినది. మిగిలినదానినైనను నిలుపుకొనవలెనను తెలివి కలుగుటకు ఇంత కాలము పట్టినది.

దీనికి మారుగా మరియొక ఉదాహరణము చూడుడు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ గాజు పలకలపై ఫొటోలు తీసెను. ఆయన 1905లో గతించెను. ఆయన స్టూడియోకు చెందిన గాజు పలకలు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా నున్నవి. పలకను వెలుతురునకు ఎత్తి పట్టినచో బొమ్మ కంటికి కనబడును. మన సెల్‌ఫోను ఫొటో అట్టిది కాదు. అది అంకెల రూపములో నున్నది; యంత్రము లేనిదే కనబడదు; యంత్రము చెడినచో మాయమగును. కాని దానికొక గొప్ప గుణము కలదు. గాజు పలకకు నకలు తీసిన కొలది కొంత మసక బారును. అంకెల ఫొటోకు నూరు నకళ్ళు తీసినను నూరవది మొదటిదానితో సమానముగనే యుండును. నకళ్ళు తీయుటయే దీనికి రక్ష.

ఎంత చోటు కావలెను?

ఏది కొనవలెనన్నది తేల్చుటకు ముందు లెక్క వేయుదము. సామాన్యమైన సెల్‌ఫోను ఫొటో ఒకటి సుమారు 4 మెగాబైట్లు అనుకొనుడు. అప్పుడు ఒక గిగాబైటులో 250 ఫొటోలు పట్టును. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో 16,000 ఫొటోలు, 1 టెరాబైటు హార్డుడిస్కులో రెండున్నర లక్షల ఫొటోలు పట్టును. దినమునకు పది ఫొటోలు తీయు కుటుంబమునకు ఏడాదికి 3,650 ఫొటోలు, అనగా సుమారు 15 గిగాబైట్ల చోటు కావలెను. వీడియోలు వేరు, ఒక నిమిషపు వీడియో సాధారణముగా నూరు మెగాబైట్ల ప్రాంతము మ్రింగును. పెండ్లి వీడియో లున్న ఇంటికి ఇంకను పెద్ద చోటు కావలెను. ఈ లెక్క తెలిసినచో అంగడివాడు చెప్పినదంతయు కొననక్కరలేదు.

సాధనముల గుణదోషములు

ఫోను. తీసిన ఫొటో మొదట ఉండునది ఇక్కడనే. ఇది దాచు చోటు కాదు, తీయు చోటు మాత్రమే. దినమెల్ల చేతిలో తిరుగు వస్తువు గనుక పోవుట, పగులుట సులభము.

మెమరీ కార్డు. చౌక, చిన్నది. చిన్నదగుటచేతనే పోవును. పైగా 64 అని ముద్రించి లోపల 8 మాత్రమే యున్న నకిలీ కార్డులు సంతలలో అమ్ముడగుచున్నవి. నిండుచున్నట్లే కనబడును, తరువాత తెరచి చూచిన ఫొటోలు ఉండవు. పరిచయమున్న దుకాణములో రసీదుతో కొనుట, కొన్న వెంటనే పూర్తిగా నింపి మొదటి ఫైలు, నడిమి ఫైలు, కడపటి ఫైలు తెరచి చూచుట మంచిది.

పెన్‌డ్రైవు. కంప్యూటరు లేని ఇంటికి ఇది అనుకూలము. నేటి ఫోనులకు నేరుగా తగులుకొను టైప్-సి మొన గల పెన్‌డ్రైవులు దొరకుచున్నవి.  అయితే ఇందులో ఫొటోలు సూక్ష్మమైన విద్యుదావేశ రూపములో నిలుచును. ఏండ్ల తరబడి తగిలింపక బీరువాలో పడవేసినచో ఆ ఆవేశము క్రమముగా సన్నగిల్లును. ఏడాదికొకసారి తగిలించి చూచుకొనుచు, కొన్నేండ్లకు క్రొత్తదానిలోనికి మార్చుకొనుచుండవలెను.

సీడీ, డీవీడీ. పదిహేనేండ్ల క్రితము పెండ్లి ఫొటోలవారు వీటినే ఇచ్చెడివారు. ఆ పళ్ళెముల పూత వేడికిని వెలుతురునకును చెడును. క్రొత్త కంప్యూటర్లలో వాటిని చదువు పెట్టెలే ఉండుట లేదు. ఇంటిలో పాత పెండ్లి సీడీలు ఉన్నవారు చదువగల యంత్రము దొరకునప్పుడే, ఈ నెలలోనే, వాటిని హార్డుడిస్కులోనికి ఎక్కించుకొనవలెను. ఆలస్యము వలదు.

హార్డుడిస్కు. ఎక్కువ ఫొటోలకు అన్నిటికంటె చౌకయైనది ఇదే.  సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు బజారులలో నాలుగు దుకాణములు తిరిగి ధర తెలిసికొనవచ్చును. దీని లోపల నిమిషమునకు 5,400 లేక 7,200 పర్యాయములు తిరుగు పళ్ళెములు, వాటిపై వెంట్రుక మందములో ఎన్నవ వంతో చెప్పలేనంత స్వల్పమైన ఎడముతో కదలు ముల్లు ఉండును. తిరుగుచుండగా క్రింద పడినచో ముల్లు పళ్ళెమును గీయును, అంతటితో సరి. లక్షల డిస్కులను నడపు బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా సంస్థ తన లెక్కలను ప్రకటించుచుండును. 2024లో ఆ సంస్థ డిస్కులలో నూటికి ఒకటిన్నర ప్రాంతము చెడిపోయినవి. నూటికి ఒకటి రెండే గదా యనరాదు. ఆ ఒకటి మన యింటిది కావచ్చును. పిడుగులు పడు దినములలో దీనిని కంప్యూటరునుండి ఊడదీసి యుంచవలెను.

ఘనస్థితి డిస్కు, అనగా ఎస్సెస్‌డీ. ఇందులో కదలు భాగములు లేవు, పడినను తట్టుకొనును, వేగము ఎక్కువ. ధరయు ఎక్కువ. ఇదియు పెన్‌డ్రైవు వలెనే ఏండ్ల తరబడి వాడక మూల నుంచదగినది కాదు.

క్లౌడు. అనగా ఇంటర్నెట్టు ద్వారా వేరొక సంస్థ యంత్రములలో దాచుకొనుట. ఇల్లు మునిగినను, కాలినను అక్కడి నకలు చెడదు. ఇది గొప్ప లాభము. గూగుల్ ఫొటోస్‌లో హద్దు లేకుండ ఉచితముగా దాచుకొను వీలు 2021 జూన్ 1తో ముగిసినది. ఇప్పుడు ఉత్తరములు, ఫైళ్ళు, ఫొటోలు అన్నిటికిని కలిపి ఉచితముగా దొరకునది 15 గిగాబైట్లు. పైన చెప్పిన లెక్కలో ఒక్క ఏటికి సరిపోవును. 100 గిగాబైట్లకు ఏడాదికి సుమారు 1,300 రూపాయలు చెల్లింపవలెను. చెల్లింపు ఆగినచో ఇబ్బంది. రెండేండ్లపాటు ఎవరును తెరవని ఖాతాలను తీసివేయు నియమమును గూగుల్ 2023 నుండి అమలు చేయుచున్నది. ఇంటి పెద్ద మరణించి పాస్‌వర్డు ఎవరికిని తెలియకపోయినచో ఆ ఫొటోలు కూడ ఆయనతోడనే పోవును. మరియొక మెలకువ కలదు. ఆ యాప్‌లో ఫొటోను చెరిపినచో ఫోనులోను, క్లౌడులోను రెండుచోట్లను చెరిగిపోవును. ఫోనులో చోటు ఖాళీ చేయవలెనన్నచో అందుకై ఉన్న ప్రత్యేకపు మీటనే నొక్కవలెను.

వాట్సాప్. చాలమంది దీనినే భాండాగారముగా తలచుచున్నారు. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ కుదించి చిన్నది చేయును. తీసిన తేదీ, స్థలము వంటి వివరములు ఊడిపోవును. అసలు ఫొటోనే పంపదలచినచో డాక్యుమెంటు రూపమున పంపవలెను. వాట్సాప్ వార్త మోయునదే గాని దాచునది కాదు.

కాగితము. దీనిని తీసిపారవేయరాదు. మంచి లాబొరేటరీలో ముద్రించిన ఫొటో కరెంటు, పాస్‌వర్డు, యంత్రము ఏదియు లేకయే దశాబ్దముల పాటు కనబడుచుండును. ఏడాదికి ఇరువది ఫొటోలు ఎన్నుకొని ముద్రింపించి, వెనుక పేర్లు, తేదీ వ్రాసి ఆల్బములో పెట్టుడు. దీనికయ్యెడు ఖర్చు ఒక పూట విందు ఖర్చునకు మించదు.

మూడు నకళ్ళ నియమము

ఇన్ని చెప్పిన పిమ్మట ఏది మంచిదని మీరు అడుగుదురు. ఏ ఒక్కటియు చాలదనుటయే మా సమాధానము. పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారము చేసిన సూత్రము ఒకటి నేడు లోకమంతట వ్యాపించినది. దానిని మూడు - రెండు - ఒకటి యందురు. విలువైన ఫొటోకు మూడు నకళ్ళు ఉండవలెను. అవి రెండు రకముల సాధనములలో ఉండవలెను. అందొకటి ఇంటికి వెలుపల ఉండవలెను. రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు. విత్తనములనన్నిటిని ఒకే గాదెలో పోయరాదని మన పెద్దలకు తెలియును. పురుగు పట్టినను, ఎలుక తిన్నను మరియొక గాదె మిగులవలెను.

పెద్ద సంస్థలు కూడ ఈ సూత్రమును తప్పి చెడినవి. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అను బొమ్మల చిత్రము తయారగుచుండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో చిత్రములో అధికభాగము చెరిగిపోయినది. నకలు ఉన్నదిలే యని తెరచి చూచిరి. నకళ్ళు తీయు యంత్రము కొంతకాలముగా సరిగా పనిచేయుట లేదని అప్పుడు తెలిసినది. గేలిన్ సస్మన్ అను సాంకేతిక పర్యవేక్షకురాలు పసిబిడ్డ తల్లియగుటచే ఇంటినుండి పనిచేయుచుండెను. ఆమె ఇంటి కంప్యూటరులో నున్న నకలే ఆ చిత్రమును బ్రతికించినది.

ఇటీవలిది మరియొకటి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజోన్ నగరములో ప్రభుత్వ కంప్యూటరు కేంద్రమునకు నిప్పంటుకొన్నది. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్ళు దాచుకొను వ్యవస్థలోని 858 టెరాబైట్ల సమాచారము కాలిపోయినది. దానికి వేరొక చోట నకలు లేదు. ధనము, విద్య, యంత్రములు సమృద్ధిగానున్న దేశములో ఇట్లు జరిగినది. లేనిది వేరొక చోట నకలు మాత్రమే. కనుక క్లౌడు ఒక్కటే చాలుననువారును, హార్డుడిస్కు ఒక్కటే చాలుననువారును సమానముగ తప్పు త్రోవలో నున్నారని గ్రహింపవలెను.

చేయవలసిన పద్ధతి

సామాన్య కుటుంబము ఏమి చేయవచ్చునో వరుసగా చెప్పెదము.

ఒకటి. నెలకొక దినము నిర్ణయించుకొనుడు. అమావాస్య కావచ్చును, మొదటి ఆదివారము కావచ్చును. ఆ దినమున ఫోనులోని ఫొటోలను పెన్‌డ్రైవులోనికి గాని హార్డుడిస్కులోనికి గాని ఎక్కింపుడు. ఇంటిలో చదువుకొన్న అమ్మాయికో, అబ్బాయికో ఈ బాధ్యతను అప్పగింపుడు.

రెండు. ఎక్కించుటకు ముందు ఏరివేయుడు. శుభోదయపు బొమ్మలు, ఒకే దృశ్యమునకు తీసిన పది నకళ్ళు, మసక ఫొటోలు చెరిపివేసినచో సగము చోటు మిగులును. పొల్లు ఊడ్చిన పిమ్మట గదా గింజలు గాదెకు పోయునది.

మూడు. పేరు పెట్టుడు. 2025-08-14 చెరువు కట్ట, 2025-11-02 అక్క పెండ్లి, ఈ విధముగా మొదట సంవత్సరము, తరువాత నెల, దినము వ్రాసినచో అన్నియు తమంత తామే కాలక్రమమున నిలుచును. పేరు లేని పదివేల ఫొటోలలో కావలసినది దొరకకపోవుట, అది లేకపోవుటతో సమానము.

నాలుగు. రెండవ నకలు తీసి వేరొక యింట ఉంచుడు. అత్తవారింటనో, అన్నదమ్ముల యింటనో, పట్నములోని కుమారుని వద్దనో ఉంచి, పండుగకు రాకపోకలు జరిగినపుడు మార్చుకొనుడు. అది మరియొక ఊరైన మేలు. ఒకే వరద రెండిండ్లను ముంచరాదు. ఇంటర్నెట్టు సౌకర్యమున్నవారు ఈ రెండవ నకలునకు బదులు క్లౌడును వాడవచ్చును.

ఐదు. పోల్చి చూడుడు. నకలు ముగిసిన తరువాత ఫొటోల సంఖ్య, మొత్తము పరిమాణము సరిపోయినవో చూచి, నాలుగైదు ఫొటోలు తెరచి చూడుడు. అంతవరకు ఫోనులోనిది చెరుపవలదు. కృష్ణానగరమువారి కట్టుబాటు ఇదియే. తెరచి చూడని నకలు నకలు కాదు.

ఆరు. ఐదేండ్లకొకసారి సాధనమును మార్చుడు. పాతది చెడువరకు ఆగవలదు. చెడిన డిస్కునుండి ఫొటోలు వెలికితీయించుటకు వేలకు వేలు కోరుదురు. వచ్చునన్న నమ్మకమును లేదు.

ఏడు. పాస్‌వర్డును ఒక కాగితముపై వ్రాసి, ఇంటి పత్రములతో పాటు భద్రపరచి, నమ్మకమైన ఒకరికి ఆ సంగతి తెలుపుడు.

ఖర్చు చూడుడు. రెండు పెన్‌డ్రైవులతో మొదలుపెట్టిన ఇంటికి స్వల్పమైన ఖర్చు చాలును. 6,000 రూపాయల హార్డుడిస్కు ఐదేండ్లు వచ్చినచో నెలకు నూరు రూపాయలు. రెండు డిస్కులను బిగించిన ఖరీదైన పెట్టెలు అమ్ముదురు; ఒకటి చెడినను రెండవది పనిచేయునందురు. నిజమే. కాని పిడుగు పడినను, దొంగ వచ్చినను ఆ రెండును ఒక్కసారే పోవును. పల్లె యింటికి అది అనవసరము.

పంచాయతీ కార్యాలయమున

ఇంటికి చెప్పినదే కార్యాలయమునకును వర్తించును. కార్యదర్శి సొంత ఫోనులో ఉన్న ఫొటోలు, ఆయన బదిలీతో ఊరు దాటిపోవును. కనుక పనుల ఫొటోలు వ్యక్తులవద్ద గాక కార్యాలయమువద్ద ఉండునట్లు పాలకవర్గము తీర్మానించుకొనవలెను. పని పేరు, వార్డు, తేదీ వ్రాసిన సంచికలతో ఒక హార్డుడిస్కు కార్యాలయములో, మరియొకటి వేరొక భద్రమైన చోట నుంచి, రెండింటిని రిజిస్టరులో ఎక్కింపుడు. క్రొత్త పాలకవర్గము వచ్చినపుడు నగదు పుస్తకము అప్పగించినట్లే ఈ డిస్కులను కూడ అప్పగింపవలెను.

చట్టము మాట కూడ చెప్పవలసి యున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోని 63వ విభాగము ప్రకారము, కంప్యూటరు రూపములో నున్న సాక్ష్యము నకలును న్యాయస్థానమున దాఖలు చేయునపుడు దానితో ధ్రువపత్రము జతపరచవలెను. ఆ పత్రములో ఫైలుయొక్క హాష్ విలువను, అనగా దాని వ్రేలిముద్ర వంటి అంకెను, చూపవలెను. ఫొటోలో ఒక్క చుక్క మారినను ఆ అంక మారిపోవును. కనుక ముఖ్యమైన ఫొటోను దిద్దక, కత్తిరింపక, తీసినది తీసినట్లే ఒక నకలు ఉంచుడు. అలంకారములు వేరొక నకలుపై చేసికొనవచ్చును.

ఫొటోలోని మనుష్యుల మర్యాదను కూడ కాపాడవలెను. పింఛనుదారుల ముఖములు, ఆధారు కార్డుల బొమ్మలు, బడిపిల్లల ఫొటోలు కార్యాలయపు పనికై తీసినవి. వాటిని నలుగురి వాట్సాప్ గుంపులలో పంచుట తగదు. ఇంటర్నెట్టు కేంద్రములలో పెన్‌డ్రైవు తగిలించినచో ఫొటోలు అక్కడి కంప్యూటరులో మిగులవచ్చును, అక్కడి వైరసు మన పెన్‌డ్రైవునకు అంటవచ్చును. అసలు నకలున్న పెన్‌డ్రైవును అట్టి చోటికి తీసికొనిపోక, కావలసిన ఫొటో ఒక్కదానిని వేరొకదానిలో పెట్టుకొని పోవలెను.

కొందరు అడుగుదురు: పని చేసికొని బ్రతుకువారికి ఇన్ని నియమములు సాధ్యమా యని. కృష్ణానగరములో చిన్న గదిలో నలుగురు కలిసి యుండు కుర్రవారు దినదినము ఈ పని చేయుచున్నారు. వారు కాపాడునది ఇతరుల సొత్తు. మనము కాపాడవలసినది మన సొత్తే. నెలకు ఒక్క గంట, రెండు సాధనములు, రెండిండ్లు. ఇంతకంటె ఏమియు అక్కరలేదు.

గ్రామమునకు భూమి రికార్డులు ఎట్లో ఫొటోలును అట్లే. ఏ గట్టు ఎక్కడ నుండెనో, ఏ మర్రి క్రింద బడి నడచెనో, ఏ అవ్వ ముఖము ఎట్లుండెనో ముందు తరమువారు అడిగిననాడు చూపగలుగుట మన విధి. మన తొలి టాకీని చూచు భాగ్యము తెలుగువారికి లేకపోయినది. మీ ఊరి ఫొటోలకు అట్టి గతి పట్టరాదు. తదుపరి గ్రామసభలో ఈ మాట ఐదు నిమిషములు చెప్పుడు. వచ్చు ఆదివారము మీ యింటిలో మొదటి నకలు తీయుడు.